రెండో కోతకు తొందరపడేవారికి పది దివ్యమైన చిట్కాలు

మేడ్చల్, కొంపల్లి, శామీర్‌పేట్ వైపు ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా ఒక మనిషి ఎదురవుతాడు. నాలుగైదేళ్ల కింద బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని, ఏడాది తిరిగేసరికి గుర్తుపట్టలేనంత సన్నబడి, పాత ప్యాంట్లన్నీ తమ్ముళ్లకు పంచిపెట్టి, ఇప్పుడు మళ్లీ పెద్ద సైజు ప్యాంట్లు కొనుక్కుంటున్న మనిషి. ఆశ్చర్యమేమీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో పదిమంది పెద్దవాళ్లలో ముగ్గురు ఉండాల్సినదానికన్నా బరువున్నారు. వాళ్లలో కొందరు కత్తి దాకా వెళ్తారు, వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ పెరుగుతారు.

అలాంటివాళ్ల మనసులో తిరిగే ప్రశ్న ఒక్కటే: మళ్లీ చేయించుకోవాలా? డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడ్డు ప్రశ్న వేస్తాడు: మొదటిది ఎందుకు పనిచెయ్యలేదు? ఈ 'ఎందుకు' చాలా ప్రమాదకరమైనది. దాని వెంట పడితే పరీక్షలు, తిండి లెక్కలు, పాత కాగితాల వెతుకులాట, ఎడతెగని కౌన్సెలింగ్. ఈలోగా మంచిరోజులన్నీ వెళ్లిపోతాయి. ఆ ప్రశ్న మీ గడప తొక్కకుండా నేరుగా ఆపరేషన్ బల్ల ఎక్కించే చిట్కాలు ఇవిగో.

1. ముందు 'ఫెయిల్' అని ఊరంతా చాటండి

మీ ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 124 కిలోలు ఉన్నప్పుడు ఆపరేషన్ అయిందనుకుందాం. ఏడాదిన్నరకు 84కు దిగారు. నాలుగేళ్లకు 93కు వచ్చారు. ఇక ఆ మధ్యలోని తొమ్మిది కిలోలను పట్టుకుని ఏడవండి. 124 అన్న అంకె మాత్రం నోట రానివ్వకండి. వచ్చిందంటే మొదటి బరువులో నాలుగో వంతు ఇప్పటికీ తగ్గే ఉందన్న నిజం బయటపడుతుంది. డాక్టర్లు ఎంతోకాలంగా వాడుతున్న కొలత ఒకటుంది, ఎత్తుకు తగిన బరువు మీద అదనంగా ఉన్నదాంట్లో సగమైనా పోయిందా అని. మీ ఎత్తుకు 68 తగినదనుకుంటే, అదనపు 56లో 31 పోయింది. సగం దాటింది. ఈ లెక్క ఎవరైనా వేస్తుంటే కాలిక్యులేటర్ లాక్కోండి.

స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం ఇలాంటి రోగులను ఏళ్ల తరబడి గమనించింది. ఒకటి రెండేళ్లలో బాగా తగ్గడం, ఆ తర్వాత కొంత పెరిగి ఒకచోట నిలవడం, అక్కడ కనిపించిన తీరు ఇదే. బైపాస్ చేయించుకున్నవాళ్లు 15 ఏళ్ల తర్వాత మొదటి బరువుకన్నా సగటున 27 శాతం తక్కువగా ఉన్నారు. అంటే కొంత పెరగడం లెక్కలో ఉన్నదే. ఇది తెలిస్తే మీకు హాయిగా నిద్ర పట్టేస్తుంది, కాబట్టి తెలుసుకోవద్దు. షుగర్ మాత్రలు తగ్గాయా, గురక పోయిందా, ఎంఎంటీఎస్ స్టేషన్ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారా, ఇవేవీ లెక్క కాదు. తూకం మిషన్ చెప్పిందే వేదం.

2. కాగితాలు డబ్బాల కింద పరచండి

పట్టాదారు పాసుపుస్తకం బీరువా లాకర్లో ఉండాల్సిందే. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీని మాత్రం వంటింటి అరలో పప్పుడబ్బాల కింద పరచండి, నూనె మరకలు పీల్చుకోవడానికి మందపాటి కాగితం బాగుంటుంది. కొత్త డాక్టరు "మీకు ఏ ఆపరేషన్ చేశారు?" అంటే "కడుపు చిన్నగ చేసిండ్రు సార్" అని ఊరుకోండి.

స్లీవ్ అయితే జీర్ణకోశంలో ముప్పావు వంతుకు పైగా కోసి బయటికి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. బైపాస్ అయితే పైన రెండు పెద్ద చెంచాలు పట్టేంత సంచి చేసి, చిన్నపేగును తెచ్చి దానికి కలుపుతారు. మినీ బైపాస్‌లో సంచి పొడుగ్గా ఉంటుంది, పేగును ఒక్కచోటే కలుపుతారు. బ్యాండ్ అయితే ఏదీ కొయ్యరు, పైభాగాన పట్టీ బిగిస్తారు. రెండోసారి ఏం చెయ్యొచ్చన్నది మొదటిసారి ఏం చేశారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చవచ్చు, బ్యాండ్ తీసేసి మరోటి చెయ్యొచ్చు. బైపాస్ మీద మళ్లీ చెయ్యాలంటే పని ఇంకా చిక్కుముడి. కానీ ఇదంతా ముందే చెప్పేస్తే సర్జన్‌కు ఆసక్తి ఏముంటుంది? లోపల కెమెరా పెట్టాక ఆయనే చూసుకుంటాడు.

3. పరీక్షలకు ఒక్క పైసా పెట్టకండి

ముందుగా బేరియం పరీక్ష అంటారు. సున్నం నీళ్లలా తెల్లగా ఉండే ద్రవాన్ని తాగించి, ఎక్స్‌రే తెర మీద అది గొంతు దిగి, కొత్త గొట్టంలోంచి పేగులోకి ఎలా జారుతోందో చూస్తారు. ఒకచోట ఉబ్బినట్టు ఆగితే గొట్టం సాగిందని, ఎక్కడైనా ఇరుక్కుంటే అక్కడ సన్నబడిందని తెలుస్తుంది. ఆ తర్వాత ఎండోస్కోపీ. ఇవన్నీ చూసి "మీ పొట్ట ఎలా కోశారో అలాగే ఉంది, సాగలేదు" అంటే మీ గతేం కాను? తప్పు పొట్టది కాకపోతే మళ్లీ పొట్టనే కొయ్యడం దేనికన్న ప్రశ్న వచ్చేస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. పరీక్షలో అసలు బాధ బరువు కాదు, పుల్లటి తేన్పులని తేలవచ్చు. ఫిన్లండ్‌లో స్లీవ్, బైపాస్ రోగులను పదేళ్ల తర్వాత ఎండోస్కోపీతో చూస్తే స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికి అన్నవాహికలో పుండు పడినంత వాపు కనిపించింది. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడానికి అది గట్టి కారణం. కానీ మనకు కారణాలతో పని లేదు కదా.

థైరాయిడ్ పరీక్ష మేడ్చల్ చౌరస్తాలో ఏ ల్యాబులోనైనా చేస్తారు, అందుకే దానికి విలువ లేదు. మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చే పేరులేని గోళీలు, ఎవరో తెచ్చిన పొడులు డాక్టరుకు చూపించకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే బరువు అక్కడినుంచి వస్తోందని ఆయన కనిపెట్టేస్తాడు. ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా బరువు పెంచుతాయి. డాక్టరుతో మాట్లాడి వాటిని మార్చుకుంటే పోయేదానికి బల్ల ఎక్కితేనే కదా మన పట్టుదల తెలిసేది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడకపోతే గొడ్డలి తుప్పుపట్టదూ?

4. "ఏం తింటలేను" అన్న ఒక్క మాట మీద నిలబడండి

ఇది అబద్ధం కాదు, అందుకే బాగా పనిచేస్తుంది. మేడ్చల్ హైవే మీద ఒక దావత్ ఊహించుకోండి. స్లీవ్ అయిన వదిన పళ్లెంలో బగారా అన్నం, రెండు మటన్ ముక్కలు వేసుకుంది. మూడో ముద్దకు ఎదురురొమ్ము కింద పట్టేసినట్టయి, కళ్లలో నీళ్లు తిరిగి, పళ్లెం పక్కన పెట్టేసింది. అందరూ చూశారు: పాపం, ఏమీ తినలేదు. పావుగంటకు ఐస్‌క్రీం వచ్చింది. అది జారిపోయింది, నొప్పి లేదు. ఇంకోటి. వెళ్లేటప్పుడు కూల్‌డ్రింక్. ఇంటికొచ్చాక చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్లు, నానగానే కరిగి అడ్డులేకుండా దిగుతాయి. రాత్రి టీవీ ముందు మిక్చర్, చారెడు చొప్పున తొమ్మిదింటి నుంచి పదకొండింటి దాకా.

ఇరుకైన గొట్టం గట్టి ముక్కను ఆపుతుంది, నానిన బిస్కెట్‌ను ఆపదు. మాంసం, గుడ్డు, పప్పు కడుపు నింపి ఆపేస్తాయి. తీపి, ద్రవం, చిరుతిండి ఆగకుండా సాగిపోతాయి. మళ్లీ బరువు పెరిగిన వాళ్లతో డైటీషియన్లు మొదట మాట్లాడేది దీని గురించే. అందుకే ఏం తింటున్నారో రాసుకురమ్మంటే భోజనాలు మాత్రమే రాయండి. రాజీవ్ రహదారి ధాబాలో తాగిన మీఠా లస్సీ తాగుడు కిందికి వస్తుంది, తిండి కాదు. కల్లు చెట్టు ఇచ్చింది, దానికి కేలరీలు ఎక్కడివి? ఈ ఆపరేషన్ల తర్వాత మందు తొందరగా తలకెక్కుతుందని, దానికి అలవాటుపడే ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లు చెప్పేది కూడా వినకండి.

5. తీర్మానం దావత్‌లో చేయించండి

ఎవరి పొట్ట కొయ్యాలో తేల్చే హక్కు మేనత్తలకే ఉంటుంది. "ఏంది వదినా, అన్ని లక్షలు వోసి కోపిచ్చుకుంటివి, మళ్ల గట్లనే అయితివి?" అని ఒకరు మొదలుపెడతారు. "మా ఆడబిడ్డ కోడలు మినీ బైపాస్ చేయించుకుంది, పుల్లలెక్క అయింది, నువ్వు గూడ గదే చేయించుకో" అని ఇంకొకరు ముగిస్తారు. అంతే, ఆమెకు షుగర్ ఉందా, మీకు తేన్పులున్నాయా, ఆమెకు అది మొదటి ఆపరేషనా, మీకు రెండోదా అని అడగడం మర్యాద కాదు. ఆ మాటలు విన్న రాత్రి మీకు ఏడుపు వస్తుంది, ఏడుపుతో ఆకలి వస్తుంది, ఆకలితో ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుంది. దాని గురించి కౌన్సెలర్‌తో మాట్లాడమంటారు. మాట్లాడితే మనసుకూ ముద్దకూ ఉన్న లంకె బయటపడి ఆపరేషన్ వాయిదా పడే ప్రమాదముంది.

పెళ్లీడు అమ్మాయైతే ఇంకా తొందర. నిశ్చితార్థానికి ముందు ఆపరేషన్, పెళ్లయిన మూడో నెలకే శుభవార్త, ఇలా వేసుకోండి ప్లాను. బరువు వేగంగా పడిపోయే మొదటి 12 నుంచి 18 నెలలు గర్భం వద్దని డాక్టర్లు చెప్తారు. వాళ్లకు మన ముహూర్తాలు ఏం తెలుసు!

6. రెండోది మొదటిదానికన్నా సులువని నమ్మండి

ఒకసారి దున్నిన మడిలో నాగలి రెండోసారి సులువుగా దిగుతుంది కదా, పొట్ట కూడా అంతే అనుకోండి. అక్కడ మొదటి కోత మిగిల్చిన మచ్చకణజాలం అవయవాలను ఒకదానికొకటి అంటించి ఉంచుతుందని, స్టేపుల్ వేసిన చోట రక్తప్రసరణ తగ్గి ఉంటుందని, అందుకే రెండోసారి లీకు, ఇన్ఫెక్షన్ లాంటి చిక్కులు మొదటిసారికన్నా ఎక్కువని, దక్కే బరువు తగ్గుదల చాలామందిలో మొదటిదానికన్నా తక్కువని సర్జన్లు ఒప్పుకుంటారు. వాళ్లు ఒప్పుకునే అవకాశమే ఇవ్వకండి. "ఇలా రెండోసారివి ఎన్ని చేశారు? లీకయితే రాత్రి రెండింటికి ఎవరుంటారు? ఐసీయూ ఉందా?" అని అడగడం పెద్దవాళ్లను అవమానించడమే. హోర్డింగ్ మీద ముందు, తర్వాత ఫొటోలు చూడండి, ప్యాకేజీ ధర చూడండి, చాలు. ఆపరేషన్ తర్వాత గుండెదడ, జ్వరం, కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఓమవాటర్ తాగి పడుకోండి. అవి లీకు లక్షణాలు కావచ్చని, గంటలు లెక్కపెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలని చెప్పేవాళ్లు పిరికివాళ్లు.

7. లైపోసక్షన్‌ను అడ్డదారిగా ఎంచుకోండి

పేగులు, పొట్ట ఎందుకు, కొవ్వునే పీల్చిపారేస్తే పోలా? ఈ ఆలోచన బాగానే ఉంటుంది, లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును కొన్నిచోట్ల తీసి ఆకారం సరిచేసేదే తప్ప ఊబకాయానికి చికిత్స కాదన్న ఒక్క సంగతి పక్కన పెడితే. ఆకలి తగ్గదు, షుగర్ మారదు, స్లీవ్ విఫలమైన చోట దీనికి పాత్రే లేదు.

ఇక్కడ వెటకారం ఆపి ఒక మాట. మన సినిమాల నాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో కన్నుమూసింది. వయసు 31. దానికి కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అమ్మాయి ఒళ్లు చేసిందని అంతకుముందు ఏళ్ల తరబడి రాసినవి కూడా పత్రికలే.

8. సూది మందుల గురించి సగమే తెలుసుకోండి

టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ వారపు ఇంజెక్షన్లు 2025లో బరువు తగ్గించే మందులుగా మన మార్కెట్‌కు వచ్చాయి. ఆకలిని తగ్గించి, పొట్ట నెమ్మదిగా ఖాళీ అయ్యేట్టు చేస్తాయి. ఆపరేషన్ తర్వాత మళ్లీ పెరిగినవాళ్లకు రెండో కోతకు ముందు వీటిని ప్రయత్నించి చూసే డాక్టర్లు చాలామంది. మీరు రెండు తప్పుదారుల్లో ఒకటి పట్టండి. ఒకటి: "సూదులతో తగ్గడం మోసం, కత్తే మగతనం" అని కొట్టిపారేయండి. రెండు: వాట్సాప్‌లో ఎవరో అమ్మే పెన్ను కొని తోటికోడలితో పంచుకోండి. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలున్నాయి, ఆ గాలి పీల్చే మనకు డాక్టరు చీటీ ఎందుకు? మందు ఆపేస్తే బరువు తిరిగొచ్చే అవకాశముందని, క్లోమం వాపు, పిత్తాశయంలో రాళ్ల చరిత్ర ఉంటే ముందే చెప్పాలని, ఒకరి పెన్ను ఇంకొకరు వాడితే రక్తం ద్వారా జబ్బులు అంటుతాయని తెలిసినవాళ్లను గ్రూపులోంచి తీసెయ్యండి.

9. డబ్బుకు దారి ఉందిలే అనుకోండి

బీమా ఉంది కదా అని అడ్మిట్ అయిపోండి, షరతులు తర్వాత చదువుకోవచ్చు. బీమా నియంత్రణ సంస్థ రాసిన షరతు ప్రకారం, స్థూలకాయం ఆపరేషన్‌కు డబ్బు రావాలంటే బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత) 40 ఉండాలి. లేదా 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన నిద్ర శ్వాస సమస్య, అదుపులేని షుగర్ లాంటివి తోడవ్వాలి. కత్తి లేని మార్గాలు ముందు విఫలమై ఉండాలి కూడా. 165 సెంటీమీటర్లు, 93 కిలోల మనిషికి బీఎంఐ 34 చిల్లర. అంటే దరఖాస్తు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. 2022లో అమెరికా, అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియావాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి, కానీ డాక్టరు ఆలోచించడం వేరు, బీమా చెల్లించడం వేరు. అప్పుడు మీకు మిగిలే దారి ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ప్లాటు అమ్ముకోవడమే. మొదటి ఆపరేషన్ సంగతి దాచి క్లెయిము పెడితే దొరికిపోయే వీలు ఎక్కువ. దాచడానికి లోపల స్టేపుళ్లు ఒప్పుకోవు, స్కాన్‌లో మెరుస్తాయి.

10. మాత్రలు, ఫాలోఅప్ మానెయ్యండి

మొదటి ఆపరేషన్ అయిన రెండో ఏడాది నుంచే ఇది పాటించి ఉంటారు, కాబట్టి కొత్తగా చెప్పనక్కర్లేదు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం చూసుకోవాలంటారు. జుట్టు రాలితే షాంపూ మార్చండి. అరికాళ్లు తిమ్మిరెక్కితే చెప్పులు మార్చండి. మెట్లెక్కితే ఆయాసం వస్తే వయసనుకోండి. వాంతులు వారాల తరబడి ఆగకపోయినా ఓర్చుకోండి. అప్పుడు బి1 అడుగంటి, చూపు చెదిరి, నడక తూలి, జ్ఞాపకం పోతుందని, అది గంటల్లో తేల్చాల్సిన అత్యవసర స్థితని ఎవరు చెప్పినా వినకండి. మొదటి ఆపరేషన్ తర్వాత విటమిన్లు మింగనివాళ్లు రెండోదాని తర్వాత మింగుతారని మీరూ నమ్మండి, మీ సర్జన్‌నూ నమ్మించండి. బైపాస్‌లో వాటి అవసరం స్లీవ్‌కన్నా ఎక్కువన్నది అప్పుడే తెలుసుకోవచ్చు.

ఇక అసలు మాట

రెండో ఆపరేషన్ పాపం కాదు. గొట్టం సాగిందని, దారి ఇరుకైందని, తేన్పులు అన్నవాహికను తినేస్తున్నాయని, బ్యాండ్ జారిందని తేలినవాళ్లకు అది సరైన వైద్యమే. మొదటిది నిలవకపోవడం మీ గుణంలో లోపమూ కాదు. ఊబకాయం బీపీలా, షుగర్‌లా ఏళ్ల తరబడి ఉండే జబ్బు, శరీరం పోయిన బరువును తిరిగి రాబట్టుకోవడానికి గట్టిగా పనిచేస్తుంది. ఒక ఆపరేషన్‌తో అది తీరిపోతుందని ఎవరైనా మీకు మాట ఇచ్చి ఉంటే, తప్పు ఆ మాటది.

కాబట్టి పాత డిశ్చార్జి సమ్మరీ వెతికి తీయండి. పోతే ఆసుపత్రిలో నకలు అడగండి, వాళ్ల దగ్గర రికార్డు ఉంటే ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. వాడుతున్న ప్రతి గోళీ, పొడి, సూది ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. వారం రోజులు చాయ్, బిస్కెట్‌తో సహా నోట్లోకి పోయినదల్లా రాయండి. సర్జన్, డైటీషియన్, మానసిక నిపుణులు ముగ్గురూ చూశాకే మాట్లాడండి, వాళ్లలో ఒక్కరైనా కొత్తవాళ్లయితే మంచిది. ఇంట్లోవాళ్లకు ఒక మనవి: "ఎంత పెరిగినవ్?" అని అడగడం ఆపి, పరీక్షకు తోడు వెళ్లండి. కారణం కాగితం మీద కనిపించేదాకా ఎవరూ ఆపరేషన్ తేదీ ఖాయం చెయ్యకండి.